కుండలు లేని వాకిలి

నా భార్య శవం మీద నుంచి జపమాల దొంగిలించారు. ఇది అనుమానం కాదు, జరిగిన సంగతి. వెండి జపమాల, వాళ్ళమ్మ ఇచ్చింది. పెళ్ళినాటి నుంచీ అమలమ్మ మెడలోనే ఉండేది. పోయిన ఏడాది శవపెట్టెలో పడుకోబెట్టినప్పుడు చూస్తే లేదు. మధ్యలో ఎవరో తీశారు. చచ్చినవాళ్ళను కూడా దోచుకునే ఊరు ఇది.

నేను ఆ మాట అన్న తర్వాతే మా కాలనీకి భయం పట్టుకుంది. మేము గుణదలలో ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ సందులో పెంకుటిళ్ళు, వాటి మధ్య బర్రెలు. ఇప్పుడు నా ఇల్లు, పక్కన నాగుల్ మీరా ఇల్లు తప్ప అన్నీ అపార్టుమెంట్లే. పై అంతస్తులో ఎవరుంటున్నారో కింద అంతస్తుకు తెలియదు. ఒకరింట్లో గొలుసు పోయింది. ఇంకొకరింట్లో లాప్‌టాప్ పోయింది. సందు మొగలో గేటు పెట్టారు, స్తంభాలకు కెమెరాలు బిగించారు. కాలనీ సెక్రటరీ తిరుపతిరావు గారు ఒక పద్ధతి కూడా పెట్టారు. ఊరెళ్ళేవాళ్ళు ఇంటి రెండో తాళంచెవి ఆయనకిచ్చి వెళ్ళాలి. ఏదైనా జరిగితే ఆయన తలుపు తీసి చూస్తారు. అందరూ ఇచ్చేవాళ్ళు. సొంత అన్నదమ్ములకు ఇవ్వనివాళ్ళు కూడా ఆయనకు ఇచ్చేవాళ్ళు.

పోయిన వారం ఎక్కడ ఆపానో చెబుతాను. కొండ మీద మేరీమాత పండగ జరుగుతోంది. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే టీచరు సింధూరి మధ్యాహ్నం బందరు నుంచి తిరిగొచ్చి, బీరువా తెరిచి కేక పెట్టింది. నగల డబ్బా లేదు. తలుపు తాళం మాత్రం చెక్కు చెదరలేదు. ఆ గోలలోనే ఇళ్ళలోకి తొంగిచూస్తున్న కొత్త మనిషి ఒకడు గేటు లోపల దొరికాడు. వాడి సంచిలో నగల డబ్బా లేదు గానీ వెండి జపమాల ఒకటి ఉందని నాకు కబురొచ్చింది. చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి పరిగెత్తాను.

అపార్టుమెంటు కింద కార్లు పెట్టేచోట జనం మూగి ఉన్నారు. వాడు నీళ్ళ మోటారు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. కింది పెదవి చిట్లింది. ముందు నేల మీద సంచిలోవన్నీ పరిచి పెట్టారు. కొబ్బరికాయ, కొవ్వొత్తులు, పసిపిల్లల గౌను ఒకటి, తెల్ల గుడ్డలో జపమాల.

వంగి తీసుకున్నాను. సిలువకు ఒక చెయ్యి వంగి ఉంది. మా కొత్త కాపురంలో తలుపు సందులో పడి వంగింది. సరిచేయిస్తానని నేను అన్నాను. చేయించలేదు.

"నా భార్యది" అన్నాను.

జనంలో హోరు లేచింది. నిజం చెప్పాలంటే ఆ హోరు నాకు బాగుంది. ఏడాదిగా నేను చెబుతున్నది ఇదే.

"చెప్పానా అంకుల్!" అన్నాడు పవన్‌కుమార్. ఇంట్లో కూర్చునే కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. కాలనీ ఫోన్ గ్రూపు వాడి చేతిలోనే ఉంటుంది. "కెమెరాలో మొత్తం ఉంది. ప్రతి ఇంటి ముందూ ఆగాడు. ప్రతి వాకిట్లోకీ మెడ సాచి చూశాడు. దేనికి చూశావ్‌రా?"

"కుండల కోసమండి" అన్నాడు వాడు.

"ఏంటీ?"

"కుండలండి. మంచినీళ్ళ కుండలు."

ఎవరో పకపకా నవ్వారు. "బంగారం రేటు పెరిగిందని కుండల మీద పడ్డారా ఏంట్రా దొంగలు?"

నేను నవ్వలేదు. పండగ రోజుల్లో అమలమ్మ వాకిట్లో ఎర్ర కుండలు పెట్టేది. పల్లెల నుంచి నడిచొచ్చేవాళ్ళు తాగేవాళ్ళు. ఆడవాళ్ళు మా వరండాలో చాప పరుచుకుని నడుం వాల్చేవాళ్ళు. నాకు గిట్టేది కాదు. రోజంతా బస్సు నడిపి వస్తే ఇంట్లో కాలు చాపుకునే చోటుండేది కాదు. ఈ ఏడు కుండలు పెట్టలేదు. పెట్టే మనిషి లేదు. అయినా ఇక్కడ నీళ్ళు తాగి పోయినవాడు దొంగ కాకూడదని ఏముంది?

"నీ పేరేంటి? ఏ ఊరు?" అన్నాను.

"ఏసుపాదమండి. నాగాయలంక అవతల, లంకలో ఉంటాం. రొయ్యల చెరువు మీద కాపలా."

"ఇది ఎక్కడ దొంగిలించావు?"

"అయ్యా, మాతమ్మ తోడు, దొంగతనం కాదండి. అమలమ్మగారే ఇచ్చారు. పోయిన పండక్కి మా ఆడదానికి ఆవిడ చేత్తో మెడలో వేశారు. తిరిగిద్దామని వచ్చాను. కుండలున్న ఇల్లని గుర్తు పెట్టుకున్నాం. అప్పుడు ఈ గేటు లేదండి. ఈ మేడ ఇంకా కడతన్నారు. ఎటు చూసినా ఒక్కలాగే ఉంది. కుండలు కనపడతాయేమోనని చూస్తన్నా."

"అబద్ధం. చచ్చేదాకా ఆమె మెడలోనే ఉంది."

ఆ మాట వాడికి ఎక్కలేదు. చేతులు జోడించాడు. "అమ్మగారిని ఒక్కసారి పిలవండయ్యా. నన్ను చూస్తే ఆవిడే చెప్పుద్ది."

పవన్‌కుమార్ నా వైపు చూశాడు.

"ఇంట్లో లేరా అండి? ఎప్పుడొస్తారు?"

"పైకెళ్ళిపోయింది. ఏడాదైంది" అన్నాడు పవన్‌కుమార్.

వాడు నా మొహంలోకి చూశాడు. అప్పుడు అర్థమైంది. జోడించిన చేతులు అలాగే ఉండిపోయాయి, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. భయంతో ఏడుస్తున్నాడనుకున్నాను. భయమూ ఉండి ఉంటుంది. ఈ ఊళ్ళో తన తరఫున మాట్లాడగలిగిన ఒక్క మనిషీ లేదని అప్పుడే తెలిసింది మరి.

పవన్‌కుమార్ వాడి కాలరు పట్టుకుని లేపాడు. "సింధూరి గారి నగలెక్కడ పెట్టావ్? బయట ఎవడికిచ్చావ్?" చెంప మీద కొట్టాడు. ఇంకొకడు వెనక నుంచి కాలితో తన్నాడు.

"ఆగండాగండి!" తిరుపతిరావు గారు అడ్డం వచ్చారు. తెల్లచొక్కా, మెత్తని మాట. "మనుషులం మనం. పండగ పూట కొట్టుకోవడమేంటి? జపమాల శౌరయ్యగారిది శౌరయ్యగారికి చేరింది. సింధూరమ్మ సంగతి నేను చూసుకుంటాను. వీణ్ణి నాలుగు చీవాట్లు పెట్టి పంపేద్దాం. పోలీసులు, స్టేషన్లు అంటే మన కాలనీ పేరే పోతుంది."

ఏసుపాదం ఆయన వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"పంపడానికి వీల్లేదు" అన్నాను నేను. "శవాన్ని దోచుకున్నవాడు జైల్లో ఉండాలి. సాక్ష్యం నేను చెబుతాను."

"శౌరయ్యగారూ, మీ బాధ నాకు తెలుసు..."

"తెలియదు. స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి."

పవన్‌కుమార్ ఫోన్ తీశాడు. నేను ఊ అన్నాక ఇక అడ్డు చెప్పేవాడు లేడు. జపమాల నాది, మాట నాది. ఆ పల్లెటూరి వాడి బతుకు నా నాలుక మీద ఉంది. నాకు జాలి కలగలేదు.

అప్పుడు జమీలా వచ్చింది.

నాగుల్ మీరా భార్య. పక్కింట్లోనే ఉన్నా నేను ఆమెతో మాట్లాడి ఏడాదైంది. అమలమ్మ పోయిన రోజు మొదట వచ్చింది ఆమె. మా చర్చి ఆడవాళ్ళతో కలిసి స్నానం చేయించింది, చీర కట్టింది. స్నానం చేయించిన చేతులకే తెలియాలి అని నేను నలుగురిలో అన్నాను. పేరు పెట్టలేదు. పేరు అక్కర్లేదు. ఆ రంజాన్‌కు ఆమె పంపిన సేమ్యా గిన్నెను మూత తీయకుండా తిప్పి పంపాను.

తల మీద కొంగు సర్దుకుంటూ జనంలోంచి తోసుకుని వచ్చింది. నన్ను చూడలేదు. తిన్నగా ఏసుపాదం ముందు ఆగింది.

"ఏం పుట్టింది, నాయనా?" అంది.

వాడు తలెత్తాడు. ఆమెను గుర్తుపట్టాడు. "ఆడపిల్లమ్మా."

"తల్లీ పిల్లా బాగున్నారా?"

"బాగున్నారమ్మా. కొండ మీద పుట్టెంటికలు తీయిస్తన్నారు."

"అల్హమ్‌దులిల్లా, దేవుడి దయ" అంది జమీలా. మోటారు దిమ్మ మీద కూర్చుంది. "అయితే మొక్కు తీరింది. ఇక చెప్పొచ్చు."

అప్పుడు నా వైపు తిరిగింది.

"ఇతని పెళ్ళాం పోయిన పండక్కి మీ వరండాలో పడుకుని ఉంది అన్నయ్యా. అంతకుముందు కడుపులు నిలవలేదు. మళ్ళీ నెల తప్పి, మాతను అడుక్కుందామని బస్సులో కుదుపులు పడి వచ్చింది. ఒకటే ఏడుపు. అక్క తన మెడలోది తీసి ఆ పిల్ల మెడలో వేసింది. నా ఎదురుగానే. కాన్పయ్యేదాకా తీయొద్దంది. బిడ్డకు వచ్చే పండక్కి తలనీలాలిచ్చి, జపమాల తిరిగి తెచ్చివ్వమంది. మొక్కు బయటపెడితే ఫలించదు, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

"నాకు కూడానా?"

"మీకు ముఖ్యంగా."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

"చెబితే మీరేం చేసేవాళ్ళు? ఆ సాయంత్రమే నాగాయలంక బస్సెక్కి, ఆ పిల్ల మెడలోంచి లాక్కొచ్చేవాళ్ళు."

కాదనలేదు. ఎక్కేవాణ్ణే.

"స్నానం చేయించేటప్పుడు చూశాను. మెడ బోసిగా ఉంది. ఆ పండగ నుంచీ బోసిగానే ఉంది అన్నయ్యా. ఒకే ఇంట్లో ఉండి మీరు చూసుకోలేదు." ఆమె గొంతు హెచ్చలేదు. "మీరు నన్ను అన్న మాట కూడా విన్నాను. మా ఆయన గొడవకొస్తానంటే ఆపాను. చచ్చిన మనిషికిచ్చిన ఒట్టు, ఎట్టా తీసి గట్టున పెడతాం? ఆ బిడ్డ ఏమైందోనని నేను రోజూ దువా చేశాను. ఆ బిడ్డ బతికితే గానీ నేను దొంగను కాదని తేలదు."

చేతిలో జపమాల ఉంది. వంగిన సిలువ వేలికి గుచ్చుకుంటోంది.

శవాన్ని ఎవరూ దోచుకోలేదు. అది ఒక్కటే తల్లోకి వచ్చింది. ఆమె పెట్టెలో పడుకుని ఉండగా ఏ చెయ్యీ మెడ దగ్గరికి పోలేదు. ఏడాదిగా ఆ చెయ్యి నాకు కలలోకి వస్తోంది. ఒక్కో రోజు ఒక్కో మనిషి చెయ్యి. ఇప్పుడు చూస్తే ఆ చెయ్యి అమలమ్మదే. తన చేత్తో తీసి తనే ఇచ్చింది. గుండెల మీద నుంచి లారీ దిగిపోయినట్టయింది. నిలబడే ఊపిరి పీల్చుకున్నాను. నాకు చెప్పకుండా ఇచ్చినందుకు ఆమె మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపం అలాగే ఉంది, ఉంటుంది.

"వదలండి అతన్ని" అన్నాను.

పవన్‌కుమార్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మరి గ్రూపులో దొంగ దొరికాడని పెట్టేశాను అంకుల్. ఫోటో కూడా పెట్టాను."

"తీసెయ్."

"తీసేస్తే ఎందుకు తీశావంటారు..."

"కొట్టినవాడివి నువ్వు. చెప్పుకునేదీ నువ్వే. తీసెయ్."

తీశాడు.

అప్పుడే గేటు దగ్గర ఒక పిల్ల కేకలు. వాచ్‌మన్ ఆపుతున్నా ఆగకుండా లోపలికి వచ్చేసింది. సన్నగా ఉంది, పసుపు చీర, చంకలో బోడిగుండు పసిది. గుండు మీద గంధం. మొగుడి పెదవి చూసి నిలబడిపోయింది.

"ఏమైంది మావా? ఎవరు కొట్టారు?"

"ఏం లేదే శాలినీ. గేటు తగిలింది" అన్నాడు ఏసుపాదం.

జనం ఒక్కొక్కరే లిఫ్టు వైపు జరుగుతున్నారు. ఇందాక కాలితో తన్నినవాడు ముందే పోయాడు. జమీలా లేచి బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. అది ఆమె ముక్కుపుడక పట్టుకుని లాగింది. ఆమె ఏడుస్తూనే నవ్వింది.

"పేరేం పెట్టారు?" అని నేను అడిగాను. ఎందుకడిగానో నాకు తెలుసు.

"ఏంజెల్ అండి" అంది శాలిని. తర్వాత కొంచెం సిగ్గుపడింది. "అమలమ్మ అని పెడదామన్నానండి. మా అత్త ఒప్పుకోలేదు. ముసలోళ్ళ పేరంట."

జమీలా గట్టిగా నవ్వింది. నాక్కూడా నవ్వొచ్చింది. అమలమ్మ ఉంటే ఆమే అందరికంటే ముందు నవ్వేది. తన పేరు ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు.

వాళ్ళను ఇంటికి తీసుకొచ్చాను. శాలిని వరండాలో ఒక మూల చూసి, "ఇక్కడే పడుకున్నానండి" అంది. అమలమ్మ ఫోటో ముందు కొవ్వొత్తులు వెలిగించింది. జపమాలను ఆ ఫోటో మేకుకు తగిలించాను. పెరట్లో కుండలు బోర్లించి ఉన్నాయి. వాటిని బయటకు తెచ్చి పీచుతో తోముతుంటే జమీలా గోడ మీద నుంచి చూసింది.

"రంజాన్ నెల మొదలవబోతోంది అన్నయ్యా. ఈసారి గిన్నె తిప్పి పంపితే గోడ మీద నుంచి మీ నెత్తినే పోస్తాను."

"పంపు" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆమె అంతకంటే అడగలేదు.

కుండలు వాకిట్లో పెట్టి నీళ్ళు నింపాను. కాలవ గట్టున పోయే ముసలమ్మ ఒకావిడ గేటు కమ్మీల్లోంచి చూసి, వాచ్‌మన్‌తో గొడవపడి లోపలికొచ్చి మరీ తాగింది. "పొద్దున లేవే ఇవి" అని నన్ను కసిరి పోయింది.

ఏసుపాదం నా పక్కన వచ్చి కూర్చున్నాడు. పెదవికి నీళ్ళు అద్దుకున్నాడు.

"ఒక మాట చెప్పాలండి. అక్కడ చెబితే నన్ను ఇంకా కొట్టేవాళ్ళు."

"చెప్పు."

"నేను పొద్దున కూడా వచ్చానండి. గేటు కాడ రానివ్వలేదు. కాలవ పక్కగా వెనక సందులోకొచ్చాను. అక్కడ కెమెరాలేం లేవండి. ఆ పక్కనున్న ఇనప మెట్ల మీద, పైనున్న ఇంటి వెనక తలుపు ఒకాయన తీస్తన్నాడు. తాళంచెవితోనే తీశాడు. ఇంటాయనే అనుకుని, అమలమ్మగారి ఇల్లేదండీ అని కేకేశాను. ఉలిక్కిపడ్డాడు. అలాంటోళ్ళు ఇక్కడెవరూ లేరు, పో అన్నాడు."

"ఏ ఇల్లు?"

చూపించాడు. రెండో అంతస్తు. సింధూరి ఇల్లు.

"ఎవరో గుర్తుపట్టగలవా?"

"పట్టానండి. ఇందాక నన్ను కొట్టొద్దన్నాయనే. నన్ను తొందరగా పంపేద్దామన్నాడే, ఆయన."

చేతిలో పీచు కిందపెట్టాను. సింధూరి బందరు వెళ్తూ తాళంచెవి ఎవరికిచ్చి వెళ్ళిందో ఈ కాలనీలో అందరికీ తెలుసు. లాప్‌టాప్ పోయినప్పుడు ఆ ఇంటివాళ్ళు ఊళ్ళో లేరు. గొలుసు పోయినప్పుడు ఆ ఇంటివాళ్ళూ లేరు. ఏ ఇంటి తాళమూ పగలలేదు.

వాకిట్లో కారు ఆగింది. తిరుపతిరావు గారు దిగారు. కుండలు చూసి నవ్వారు.

"మంచి పని చేశారు శౌరయ్యగారూ. పాపం వీళ్ళకి బస్సు దొరకదు పండగ రద్దీలో. నేనే కారులో ఊరిదాకా దించి వస్తాను. రావయ్యా ఏసుపాదం, సంచి తీసుకో."

ఏసుపాదం నా వెనక్కి జరిగాడు. బిడ్డ లోపల ఏదో రాగం తీస్తోంది.

"వీళ్ళు ఇవాళ ఇక్కడే ఉంటారు" అన్నాను. "వరండా ఖాళీగా ఉంది."

"అబ్బే, మీకెందుకు శ్రమ..."

"శ్రమ లేదు."

ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. ఆయన కుడి చెయ్యి జేబులో ఉంది. లోపల తాళంచెవుల గుత్తి గలగలమంది.

"సరే మీ ఇష్టం" అన్నారు. "ఒక్క మాట. జపమాల దొరికింది కదా. ఇక దొంగ, దొంగతనం అని కాలనీలో ఎక్కడా ఎత్తకండి. జనం భయపడతారు."

"జపమాల సంగతి ఇక ఈ జన్మలో ఎత్తను" అన్నాను. "జమీలా అడిగినా ఎత్తను, ఫాదర్ అడిగినా ఎత్తను. అది అయిపోయింది. ఎత్తనన్నది మాత్రం అదొక్కటే, తిరుపతిరావు గారూ."